ఎవరొచ్చారో చూశారు, ఎవరు పంపారో చూడలేదు: సీఎస్‌ఆర్‌ఎఫ్ దాడి కథ

పోయిన నెల కావలిలో ఒక నెట్ సెంటర్లో మా పెదనాన్న పక్కన కూర్చున్నాను. రొయ్యల గుంటలకు సంబంధించిన ఒక దరఖాస్తు, మూడు పేజీల ఫారం. సర్వే నంబర్లు, విస్తీర్ణం, బ్యాంకు వివరాలు నింపడానికే ముప్పావు గంట పట్టింది. చివర్లో పాసుపుస్తకం జెరాక్స్ కోసం ఆయన బయటికెళ్లారు. ఈలోగా బస్సు పోతుందని తొందరపడుతూ ఒకావిడ వచ్చింది. సెంటర్ కుర్రాడు పక్క ట్యాబ్‌లో అదే సైటు తెరిచి, పెదనాన్నను లాగౌట్ చేసి, ఆవిడ నంబరుతో లాగిన్ అయి ఆవిడ పని చూశాడు. పెదనాన్న తిరిగొచ్చాక పాత ట్యాబ్‌లోకి వచ్చి సబ్మిట్ నొక్కాడు. తెల్ల పేజీ మధ్యలో ఒకే ఒక్క ముక్క వచ్చింది: "419 పేజ్ ఎక్స్‌పైర్డ్".

"సర్వర్ డౌన్ సార్" అన్నాడు కుర్రాడు.

"నా వంతు వచ్చేసరికే డౌనైపోద్దబ్బయ్యా మీ సర్వరు" అన్నారు పెదనాన్న.

సర్వర్ బాగానే ఉంది. లారావెల్ అనే ఫ్రేమ్‌వర్కుతో (సైట్లు కట్టే రెడీమేడ్ సరంజామా) కట్టిన సైట్లు ఫారంతో పాటు రావాల్సిన ఒక రహస్య గుర్తు సరిపోకపోతే ఈ పేజీ చూపిస్తాయి. జాంగో అనే ఇంకో ఫ్రేమ్‌వర్కుతో కట్టిన సైటైతే ఇంకాస్త విడమరిచి "సీఎస్‌ఆర్‌ఎఫ్ వెరిఫికేషన్ ఫెయిల్డ్" అంటుంది. అది కూడా మామూలు మనిషికి అర్థం కాదనుకోండి. పరీక్ష ఫీజు కట్టేవాళ్లు, కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే పిల్లలు, లైసెన్సు కోసం వచ్చిన రైతులు ఈ పేజీ చూసి సైటునే తిట్టుకుంటారు. నిజానికి అక్కడ ఒక తాళం పనిచేసింది. మీకు తెలియకుండా మీ బ్రౌజరు చేతే మీ ఖాతాలో పని చేయించే సీఎస్‌ఆర్‌ఎఫ్ అనే దాడిని ఆపడానికి పెట్టిన తాళమది. ఆ దాడి ఎలా జరుగుతుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

## మతిమరుపు సర్వరు, విధేయుడైన బ్రౌజరు

వెబ్ సర్వరుకు పుట్టుకతోనే మతిమరుపు. ఇప్పుడు పేజీ అడిగినవాడూ, అర నిమిషం తర్వాత ఇంకో పేజీ అడిగినవాడూ ఒకడేనని దానికి తెలియదు. దీనికి మందుగా 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ అనే ఇంజనీరు కుకీని తయారుచేశాడు. మీరు లాగిన్ అవగానే సైటు మీ బ్రౌజరు చేతిలో ఒక గుర్తు పెడుతుంది. ఆ తర్వాత ఆ సైటుకు వెళ్లే ప్రతి అభ్యర్థనతో పాటు బ్రౌజరు ఆ గుర్తును తనంతట తానే చూపిస్తుంది. అందుకే ప్రతి క్లిక్కుకూ పాస్‌వర్డ్ కొట్టక్కర్లేదు.

"తనంతట తానే" అన్న చోటే అసలు చిక్కంతా ఉంది. అభ్యర్థన ఎటు వెళ్తోందన్నదే బ్రౌజరు చూసేది. అది ఏ పేజీ నుంచి పుట్టిందన్నది చాలా ఏళ్లపాటు దానికి అక్కర్లేని విషయం. ఒక సైటు పేజీలో ఇంకో సైటు బొమ్మ పెట్టుకోవచ్చు, ఒక సైటులోని ఫారం ఇంకో సైటుకు వెళ్లొచ్చు. వెబ్‌ను అలాగే కట్టారు. అలా వెళ్లిన ప్రతిదానికీ అవతలి సైటు కుకీ అంటుకుని వెళ్లేది.

## మేత కొట్టు, టీ కొట్టు, మధ్యలో పనోడు

విడవలూరు పక్కన గుంటలున్న ఒక ఆసామి అనుకుందాం. మేత కొట్టులో ఆయనకు ఖాతా ఉంది. రొయ్యల పట్టుబడి అయ్యాక లెక్క తేల్చుకుంటారు. మేతకు రోజూ వెళ్లేది ఆయన పనోడు. కొట్టు గుమాస్తాకు ఆ ముఖం బాగా తెలుసు. పనోడు వచ్చి పది బస్తాలంటే పది బస్తాలు ఇచ్చి, ఆసామి పేరు మీద రాసుకుంటాడు.

ఒకరోజు టీ కొట్టు దగ్గర ఎవడో పనోడిని పిలిచి, "మీ ఆసామి ఫోన్ చేశాడు. ఇరవై బస్తాలు తీసుకుని ఆ ఎదురుగా ఉన్న ఆటోలో వేయమన్నాడు" అన్నాడు. చెప్పిందే తడవు చేసే పనోడు వెళ్లాడు, అడిగాడు. గుమాస్తా ముఖం చూశాడు, రాసుకున్నాడు, ఇచ్చాడు. ఆటో వెళ్లిపోయింది.

పనోడు దొంగ కాడు, గుమాస్తా అంతకన్నా కాడు. వచ్చింది ఎవరో గుమాస్తా చూశాడు గానీ పంపింది ఎవరో అడగలేదు. ఈ కథలో పనోడు మీ బ్రౌజరు, తెలిసిన ముఖం కుకీ, గుమాస్తా మీరు లాగిన్ అయిన సైటు, టీ కొట్టు దగ్గరి మనిషి మీరు తెరిచిన ఇంకేదో పేజీ. కంప్యూటర్ శాస్త్రంలో ఈ రకం పొరపాటుకు "కన్‌ఫ్యూజ్డ్ డెప్యూటీ" అని 1988లోనే నార్మ్ హార్డీ పేరు పెట్టాడు. అంటే అధికారం చేతిలో ఉండి, దాన్ని ఎవరి తరఫున వాడుతున్నాడో తెలియక తికమకపడ్డ ప్రతినిధి. వెబ్‌లో జరిగే రకానికి 2001లో పీటర్ వాట్కిన్స్ పెట్టిన పేరు క్రాస్-సైట్ రిక్వెస్ట్ ఫోర్జరీ. పొట్టిగా సీఎస్‌ఆర్‌ఎఫ్. ప్రోగ్రామర్లు "సీ-సర్ఫ్" అంటుంటారు.

ఫోర్జరీ అన్న మాట మనల్ని కొంచెం దారి తప్పిస్తుంది. మన వాడుకలో ఫోర్జరీ అంటే దొంగ సంతకం. ఇక్కడ సంతకం అసలుదే, మీదే. మీ చేత ఏ కాగితం మీద పెట్టించారన్నదే మీకు తెలియదు.

## ఒక లింకు నొక్కితే ఏమవుతుంది: అడుగడుగునా

ఇప్పుడు అదే మేత కొట్టు సైటు పెట్టిందనుకుందాం. ఇది కేవలం ఊహ. ఆసామి పొద్దున ఫోన్లో లాగిన్ అయి మేత ఆర్డరు పెట్టాడు, లాగౌట్ చేయలేదు. లాగౌట్ మనలో ఎవరం చేస్తాం? సైటు కుకీ ఫోన్లోనే ఉంది.

ఆ సైటులో ఫోన్ నంబరు మార్చుకునే వీలుంది. కట్టినవాడు తొందరలో దాన్ని చాలా తేలిగ్గా కట్టాడు. సైటు అడ్రసు చివర "నంబరు మార్చు, కొత్త నంబరు ఫలానా" అని తగిలిస్తే చాలు, మారిపోతుంది.

సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఒక లింకు వచ్చింది: "ఈరోజు రొయ్య రేట్లు, 30 కౌంట్ నుంచి 100 కౌంట్ దాకా". రొయ్యలు వేసినవాడు ఆ లింకు నొక్కకుండా ఉండడు. పేజీ తెరుచుకుంది. రేట్లు నిజంగానే ఉన్నాయి. వాటి కింద కంటికి కనపడనంత చిన్న బొమ్మ ఒకటి పెట్టారు. ఆ బొమ్మ ఎక్కడుందని బ్రౌజరుకు చెప్పారంటే, మేత సైటులో నంబరు మార్చే అడ్రసులో. బ్రౌజరు బొమ్మ తెద్దామని అక్కడికి వెళ్లింది, అలవాటు ప్రకారం కుకీ చూపించింది. ఆసామే వచ్చి నంబరు మార్చమన్నాడని సైటు అనుకుంది, మార్చింది. తిరిగొచ్చింది బొమ్మ కాదు కాబట్టి బ్రౌజరు దాన్ని పట్టించుకోలేదు. తెర మీద రేట్లు తప్ప ఏమీ కనపడలేదు.

దొంగ ఇంకా ఒక్క రూపాయి కూడా తీయలేదు. తర్వాత తీరిగ్గా సైటులో "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కుతాడు. ఓటీపీ కొత్త నంబరుకు, అంటే అతనికే వస్తుంది. అక్కడి నుంచి ఖాతా అతనిది.

ఇది విన్న ప్రతి ప్రోగ్రామరూ వెంటనే అనే మాట ఒకటుంది: "సమాచారం చూడ్డానికి గెట్ వాడాలి, మార్చడానికి పోస్ట్ వాడాలి." ఇవి బ్రౌజరు సైటుకు పంపే రెండు రకాల అభ్యర్థనలు. అడ్రసు తెరిచినా, బొమ్మ తెచ్చినా వెళ్లేది గెట్; ఫారం నింపి పంపితే మామూలుగా వెళ్లేది పోస్ట్. నిజమే, వెబ్ నడిచే హెచ్‌టీటీపీ నియమాల ప్రకారం గెట్ అభ్యర్థన దేన్నీ మార్చకూడదు. కానీ పోస్ట్‌కు మారినంత మాత్రాన ఈ దాడి ఆగదు. రేట్ల పేజీలో బొమ్మకు బదులు కనపడని ఫారం పెట్టి, పేజీ తెరవగానే దానంతటదే సబ్మిట్ అయ్యేలా నాలుగు ముక్కల స్క్రిప్టు (పేజీలోనే నడిచే చిన్న ప్రోగ్రాము) రాస్తే సరిపోతుంది. ఒక సైటు ఫారం ఇంకో సైటుకు వెళ్లడాన్ని వెబ్ ఎప్పుడూ అడ్డుకోలేదు.

## దొంగకు కళ్లు లేవు

ఈ దాడిలో దొంగ పని చేయించగలడు గానీ ఏమీ చూడలేడు. మేత సైటు ఇచ్చిన జవాబు ఆసామి బ్రౌజరుకే వస్తుంది. ఒక సైటు పేజీని ఇంకో సైటు స్క్రిప్టు చదవకుండా సేమ్ ఒరిజిన్ పాలసీ అనే నియమం అడ్డుపడుతుంది. కాబట్టి దొంగకు పాస్‌వర్డ్ తెలియదు, కుకీ దొరకదు, ఖాతాలో ఎంతుందో కనపడదు. చీకట్లో రాయి విసిరినట్టు ఆదేశం పంపుతాడు, అంతే. ఫిషింగ్‌కూ దీనికీ తేడా అదే. ఫిషింగ్‌లో మిమ్మల్ని మోసం చేసి పాస్‌వర్డ్ మీ నోటితోనే చెప్పిస్తారు. ఇక్కడ మీరు ఏమీ చెప్పరు, మోసపోయేది మీ బ్రౌజరు. అడ్రసు పక్కన తాళం గుర్తున్న సైటా కాదా అని ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఉపయోగం లేదు. దారిలో ఎవరూ వినకుండా చేయడమే ఆ తాళం పని. టీ కొట్టు దగ్గరి మాటను కూడా అది అంతే భద్రంగా మోసుకెళ్తుంది.

## నిజంగా జరిగినవి

2006లో నెట్‌ఫ్లిక్స్ ఇంకా పోస్టులో డీవీడీలు పంపే రోజుల్లో, దాని సైటులో ఈ లోపం బయటపడింది. వేరే పేజీ నుంచే మీ జాబితాలో సినిమాలు చేర్చవచ్చు, డీవీడీలు వెళ్లే చిరునామా మార్చవచ్చు, లాగిన్ వివరాలు కూడా మార్చవచ్చు. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం జెల్లర్, ఎడ్వర్డ్ ఫెల్టన్ రాసిన పత్రం దీనికంటే ఎక్కువ కంగారు పుట్టించింది. ఐఎన్‌జీ డైరెక్ట్ అనే బ్యాంకు సైటులో ఖాతాదారుడి పేరు మీద కొత్త ఖాతా తెరిచి, అందులోంచి డబ్బు పంపించేయవచ్చని వాళ్లు చూపించారు. బ్యాంకు తర్వాత దాన్ని సరిచేసింది.

నాకు వీటన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది 2008 జనవరిలో మెక్సికోలో జరిగిందని కంప్యూటర్ భద్రతా సంస్థ సైమాంటెక్ బయటపెట్టిన దాడి. ఈమెయిల్లో బొమ్మ రూపంలో ఒక ఆదేశం వచ్చేది. అది వెళ్లేది ఏ వెబ్‌సైటుకో కాదు, ఇంట్లో ఉన్న ఇంటర్నెట్ మోడెముకు. మోడెములోని సెట్టింగు మారిపోయి, ఆ తర్వాత బ్యాంకు పేరు కొడితే దొంగ సైటు తెరుచుకునేది. ఇలాంటి వాటిలో కుకీ అవసరం కూడా రాదు. ఇంట్లోంచి వచ్చిన మాట కదా అని మోడెము నమ్ముతుంది. ముఖం గుర్తుపట్టడం ఒక్కటే కాదు, లోపలి మనిషేలే అనుకోవడం కూడా ఈ దాడికి తలుపు తీస్తుందన్నమాట.

## చీటీ పద్ధతి: టోకెన్

మేత కొట్టు యజమాని తెలివైనవాడైతే ఏం చేస్తాడు? "ముఖం చూసి ఇవ్వం. ఆసామి రాసిన చీటీ తేవాలి" అంటాడు. వెబ్‌లో ఆ చీటీ పేరు సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్. ఫారం మీకు చూపించేటప్పుడే సైటు అందులో ఊహకందని ఒక పొడుగాటి గుర్తు దాచిపెడుతుంది. సబ్మిట్ నొక్కినప్పుడు అదీ వెనక్కి రావాలి. కుకీని బ్రౌజరు తనంతట తానే మోస్తుంది గానీ దీన్ని మోయదు. ఫారంలో ఉంటేనే వస్తుంది. రేట్ల పేజీ పెట్టినవాడు మేత సైటు ఫారాన్ని చదవలేడు కాబట్టి అతని దగ్గర ఆ చీటీ ఉండదు.

వినడానికి ఇంతే. కట్టేటప్పుడు మాత్రం తప్పులు దొర్లుతాయి. కొన్ని సైట్లు చీటీ తప్పుగా ఉంటే ఒప్పుకోవు గానీ, అసలు చీటీయే లేకపోతే వదిలేస్తాయి! ఇంకొన్ని, చీటీ అసలుదా కాదా అని చూస్తాయి తప్ప ఎవరికి ఇచ్చిందో చూడవు. అప్పుడు దొంగ తన సొంత ఖాతాలో చీటీ తీసుకుని మీ పనోడి చేతిలో పెడతాడు. అందుకే చీటీని మనిషి సెషన్‌తో, అంటే అతని ఆ ఒక్క లాగిన్‌తో, ముడిపెట్టాలి.

మా పెదనాన్న ఫారం ఆగింది ఆ ముడి వల్లే. పాత ట్యాబ్‌లోని ఫారంలో ఉన్నది ఆయన సెషన్‌కు ఇచ్చిన చీటీ. కానీ బ్రౌజరులో కుకీలు ట్యాబుకొకటి ఉండవు, సైటుకు ఒకటే. కుర్రాడు పక్క ట్యాబ్‌లో ఆవిడను లాగిన్ చేయగానే కుకీ ఆవిడదైపోయింది. సబ్మిట్ నొక్కితే ఆవిడ ముఖంతో ఆయన చీటీ వెళ్లింది. సైటు కుదరదంది. ఆ తనిఖీ లేకపోయి ఉంటే పెదనాన్న సర్వే నంబర్లు, బ్యాంకు వివరాలు నేరుగా ఆవిడ దరఖాస్తులోకి ఎక్కేవి. ఎవరూ దాడి చేయకపోయినా తాళం పనికొచ్చిందన్నమాట. దాన్ని "పేజ్ ఎక్స్‌పైర్డ్" అని చెప్పడం మాత్రం అన్యాయమే. "మీ లాగిన్ మారింది, మళ్లీ నింపండి" అంటే కుర్రాడికీ అర్థమయ్యేది.

చీటీ పుస్తకమే దొంగ చేతికి చిక్కితే ఈ పద్ధతికి విలువ లేదు. ఎక్స్‌ఎస్‌ఎస్ అనే వేరే లోపం ద్వారా దొంగ స్క్రిప్టు సైటు లోపలికే చొరబడితే, అది ఫారాన్ని చదివి టోకెన్ తీసుకుని మరీ సబ్మిట్ చేస్తుంది. 2005లో మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్క్‌ను ఊపేసిన శామీ వార్మ్ (ఖాతా నుంచి ఖాతాకు తానే పాకే ప్రోగ్రాము) చేసింది అదే. ఒక రోజు తిరక్కుండానే పది లక్షల మందికి పైగా ఖాతాలకు పాకింది.

## బ్రౌజరే మారితే: సేమ్‌సైట్

తప్పు బ్రౌజరు అలవాటులో ఉన్నప్పుడు ఆ అలవాటే మాన్పిస్తే పోదా? ఈ ఆలోచన నుంచే సేమ్‌సైట్ అనే ఏర్పాటు వచ్చింది. వేరే సైటు నుంచి పుట్టిన అభ్యర్థనకు ఈ కుకీని జతచేయొద్దని సైటు బ్రౌజరుకు చెప్పవచ్చు. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80 ఇంకో అడుగు వేసి, సైటు ఏమీ చెప్పకపోయినా "లాక్స్" అనే మధ్యస్థ పద్ధతినే పాటించడం మొదలెట్టింది. అందులో వేరే సైటు పేజీలోని బొమ్మలకు, పోస్ట్ ఫారాలకు కుకీ వెళ్లదు. లింకు నొక్కి నేరుగా ఆ సైటుకు వెళ్తే మాత్రం వెళ్తుంది. కరోనా మొదలవడంతో అవసరమైన సైట్లు చెడిపోతాయేమోనని ఏప్రిల్‌లో దాన్ని వెనక్కి తీసుకున్నారు, జులైలో మళ్లీ మొదలెట్టారు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. పేమెంట్ సైటులో డబ్బు కట్టాక కొన్ని చోట్ల అది మిమ్మల్ని పోస్ట్ ఫారం ద్వారానే అసలు సైటుకు తిప్పి పంపుతుంది. అదీ వేరే సైటు నుంచి వచ్చిన పోస్టే కాబట్టి కుకీ అందదు. డబ్బులు కట్ అవుతాయి, సైటేమో మళ్లీ లాగిన్ అవమంటుంది. ఆ క్షణం పడే టెన్షన్ అనుభవించినవాళ్లకే తెలుసు. ఇలాంటి పనులు చెడకుండా, సేమ్‌సైట్ సంగతి చెప్పని కుకీ పుట్టి రెండు నిమిషాలు దాటకపోతే నేరుగా వెళ్లే పోస్ట్‌కు దాన్ని పంపేలా క్రోమ్ చిన్న సందు వదిలింది.

మన ఊహా సైటుకు ఇది ఎంతవరకు పనికొస్తుంది? బొమ్మ ఎత్తు పారదు. కానీ నంబరు మార్చడం గెట్‌తోనే జరుగుతుంటే, దొంగ రేట్ల పేజీ నుంచి ఆసామిని నేరుగా ఆ అడ్రసుకే మళ్లిస్తాడు. అది లింకు నొక్కినట్టే లెక్క, కుకీ వెళ్తుంది.

ఇంకో చిక్కు "సైటు" అన్న మాటలోనే ఉంది. నెల్లూరు జిల్లా సైటు అడ్రసూ, ప్రకాశం జిల్లా సైటు అడ్రసూ "ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అనే ముగుస్తాయి. మనకు అవి రెండు జిల్లాలు, రెండు కార్యాలయాలు. బ్రౌజరు లెక్కలో రెండూ ఒకే సైటు. ఏ పెద్ద సంస్థ కిందనైనా ఇలా పదులకొద్దీ ఉపసైట్లు ఉంటే, వాటిలో ఒకటి దొంగ చేతికి చిక్కినా మిగతావాటి విషయంలో సేమ్‌సైట్ అడ్డుపడదు. ఒకే కాంపౌండులో పది ఆఫీసులుండి, గేటు దగ్గర మాత్రమే వాచ్‌మన్ ఉన్నట్టు.

## ఈ దాడి చచ్చిపోయిందా?

ఓవాస్ప్ అనే సంస్థ వెబ్‌లో ముఖ్యమైన పది ముప్పుల జాబితా ప్రకటిస్తుంటుంది. 2013 జాబితాలో సీఎస్‌ఆర్‌ఎఫ్ ఎనిమిదోది. 2017లో దాన్ని తీసేశారు. సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్కుల్లోనే రక్షణ ఉంటోందని, పరిశీలించిన అప్లికేషన్లలో దాదాపు 5 శాతంలోనే ఇది కనపడిందని కారణం చెప్పారు. 2021లో విడిగా పేరు పెట్టకుండా, అనుమతుల లోపాలనే పెద్ద పద్దు కింద కలిపేశారు.

దీన్ని చూసి ఒక వర్గం "ఇంకా ఈ చీటీలెందుకు" అంటోంది. టోకెన్ల వల్ల ఒకసారి తయారైన పేజీని దాచుకుని అందరికీ అదే చూపించడం కష్టం, 419లతో జనానికి విసుగు. ఇప్పటి బ్రౌజర్లు ప్రతి అభ్యర్థనతో పాటు అది సొంత సైటు నుంచి వచ్చిందా, బయటి నుంచా అని కూడా చెబుతాయి. పనోడు "టీ కొట్టు కాడ ఎవరో చెప్పారు సార్" అని తానే ఒప్పుకున్నట్టు. 2025 ఆగస్టులో వచ్చిన గో అనే ప్రోగ్రామింగ్ భాష 1.25 వెర్షన్‌లో టోకెన్ లేకుండా ఈ మాటను బట్టే అడ్డుకునే సదుపాయం ఉంది.

ఇంకో వర్గం ఇందుకు ఒప్పుకోదు. లాక్స్ డిఫాల్ట్‌ను అన్ని బ్రౌజర్లూ ఒకేలా పాటించడం లేదు, పాత ఫోన్లు ఇంకా జనం చేతుల్లో ఉన్నాయి, ఉపసైట్ల గొడవ ఉండనే ఉంది. నాకు ఈ రెండోవాళ్ల మాటలోనే బరువు కనిపిస్తుంది. కొత్తగా, ఒక్కటే డొమైన్ మీద కట్టే సైటుకు మొదటివాళ్లు చెప్పింది చాలావరకు సరిపోవచ్చు. పదేళ్ల కింద కట్టి, మధ్యలో నలుగురు కాంట్రాక్టర్లు చేయి పెట్టిన సైటుకు ఆ ధీమా కుదరదు.

బ్యాంకింగ్‌లో మన దేశపు పరిస్థితి కొంచెం వేరు. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2009 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఓటీపీ అంటే గుమాస్తా బస్తాలు ఇచ్చే ముందు ఆసామికే ఫోన్ చేసి అడగడం. దాంతో డబ్బు నేరుగా పంపించే ఎత్తులకు పెద్ద అడ్డం పడింది. కానీ చిరునామా మార్చడం, ఈమెయిల్ మార్చడం లాంటి "చిన్న" పనులకు ఓటీపీ అడగని సైటులో ప్రమాదం అక్కడే ఉంటుంది. ఇక యూపీఐ యాప్‌లు బ్రౌజరు కుకీల మీద నడవవు కాబట్టి ఈ దాడి వాటి జోలికి రాదు. వాటికి వేరే బెడదలున్నాయి.

## తిరగేసిన మోసం: లాగిన్ సీఎస్‌ఆర్‌ఎఫ్

2008లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దీనికే ఒక విచిత్రమైన రూపాన్ని వివరించారు. ఇందులో దొంగ మీ ఖాతాలోకి రాడు, మిమ్మల్నే తన ఖాతాలోకి లాగిన్ చేస్తాడు. మీకు తెలియకుండా మీ బ్రౌజరులో అతని కుకీ కూర్చుంటుంది. మీరు వెతికిందంతా అతని హిస్టరీలో చేరుతుంది. మీ కార్డు నంబరు నమోదు చేస్తే అది అతని ఖాతాకు అతుక్కుంటుంది. అందుకే లాగిన్ ఫారానికి కూడా చీటీ ఉండాలంటారు. "లాగిన్ కాకముందే కాపాడేదేముంది" అని దాన్ని వదిలేసే సైట్లు ఉన్నాయి.

ఇదంతా చెబుతుంటే కావలి కుర్రాడు ఒక చెవి ఇటు పడేసి, చేత్తో ప్రింట్లు తీస్తున్నాడు. పెదనాన్న ఫారం మళ్లీ మొదటి నుంచి నింపడం మొదలెట్టాం. రెండో పేజీలో ఉండగా ఇంకొకాయన వచ్చాడు, అదే సైటు పనే. కుర్రాడు పక్క ట్యాబ్ తెరవబోయి ఆగాడు. కింద బార్‌లో ఎప్పుడూ వాడని ఇంకో బ్రౌజరు వెతికి, దాన్ని తెరిచాడు.